కీమో తర్వాత కౌంట్ పడిపోయింది, పైగా బతుకమ్మ పండుగ. ఇంట్లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

చండూరు కోడలు · శనివారం రాత్రి

అందరికీ నమస్తే. మాది చండూరు దగ్గర పల్లె. మా అత్తమ్మకు రొమ్ము క్యాన్సర్. ఎండాకాలంలో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. రెండో కీమో అయి వారం దాటింది. నిన్న నల్లగొండలో సీబీపీ (రక్త పరీక్ష) చేయిస్తే టోటల్ కౌంట్, అంటే తెల్లకణాల లెక్క, 1,900 వచ్చింది. హాస్పిటల్‌కు ఫోన్ చేస్తే "కౌంట్ తక్కువుంది, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోండి, జ్వరమొస్తే వెంటనే రండి" అని చెప్పి పెట్టేశారు. ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం అంటే ఇంట్లో నేను ఏ పని చేయాలి, ఏది మానాలి అన్నది ఎవరూ విడమరిచి చెప్పడం లేదు.

ఇంకో టెన్షన్ ఏంటంటే వారంలో ఎంగిలిపూల బతుకమ్మ. ఆడబిడ్డలిద్దరూ పిల్లలతో వస్తున్నారు. చిన్నామె కొడుక్కి జలుబు, దగ్గు. అత్తమ్మను పలకరించడానికి ఊరంతా వస్తూనే ఉంది. వచ్చినవాళ్లు పక్కన కూర్చుని చేతులు పట్టుకుని ఏడుస్తారు. వద్దంటే "కోడలు రానివ్వడం లేదు" అంటారు. ఇక్కడ సిస్టర్లు ఉన్నారని తెలిసి రాస్తున్నాను. దయచేసి చెప్పండి.

మిర్యాలగూడ ల్యాబ్ · శనివారం రాత్రి

అమ్మా, టోటల్ కౌంట్ ఒక్కటే చూస్తే సరిపోదు. అదే రిపోర్టులో కింద డిఫరెన్షియల్ అని, ఏ రకం తెల్లకణం ఎంత శాతమో ఉంటుంది. అందులో న్యూట్రోఫిల్స్ ఎంత శాతం రాశారో చూసి చెప్పండి.

చండూరు కోడలు

30 శాతం అని ఉందన్నా.

మిర్యాలగూడ ల్యాబ్

అయితే 1,900లో 30 శాతం, అంటే 570. దీన్నే ఏఎన్‌సీ అంటారు. మామూలుగా 1,500 పైన ఉండాలి. 1,000 లోపు వస్తే జాగ్రత్త పెంచాలి, 500 లోపు వస్తే ప్రమాదం బాగా ఎక్కువ. మీ అత్తమ్మ ఆ గీతకు కాస్త పైన ఉన్నారు. చాలా రకాల కీమోల్లో 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య కౌంట్ బాగా కిందికి దిగి, తర్వాత మెల్లగా లేస్తుంది. అంటే ఇంకా తగ్గే అవకాశం ఉంది. మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలో డాక్టర్‌ని అడగండి. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్‌లో పెట్టండి. ఒక్క రిపోర్టు కంటే నాలుగు రిపోర్టులు పక్కపక్కన పెడితేనే కౌంట్ ఎటు పోతోందో తెలుస్తుంది.

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి · ఆదివారం పొద్దున

నేను హైదరాబాద్‌లో క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుని, సొంతూరు కల్వకుర్తి. ఇప్పుడే నైట్ డ్యూటీ దిగి చూశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

న్యూట్రోఫిల్స్ అంటే క్రిమి ఒంట్లోకి రాగానే ముందుగా దూకే కణాలు. ఎముక మజ్జ వీటిని రోజుకు దాదాపు పదివేల కోట్లు తయారుచేస్తుంది. ఎక్కువ కాలం బతకవు కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తవి రావాల్సిందే. వేగంగా పెరిగే కణాలను కీమో దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలతో పాటు మజ్జ, జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర కూడా ఆ దెబ్బ తింటాయి. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇలాంటి పేషెంట్‌కి వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం బయటి మనుషుల నుంచి రావు. ఆమె నోట్లో, చర్మం మీద, పేగుల్లో ఎప్పుడూ ఉండే క్రిములే పొర దెబ్బతిన్న చోటు నుంచి రక్తంలోకి వెళ్తాయి. చుట్టాలను ఆపడం అవసరమే, కానీ చుట్టాలను ఆపేశాం కదా అని నోటి శుభ్రత, ఒంటి శుభ్రత వదిలేస్తే సగం తలుపు తెరిచి ఉన్నట్టే.

అందుకని నోటితో మొదలుపెట్టండి. మెత్తని బ్రష్ కొనండి. వేపపుల్ల, బొగ్గు, ఉప్పు వేసి రుద్దడం ఈ రోజుల్లో వద్దు, చిగుళ్లు గీరుకుపోతాయి. గ్లాసు కాచి చల్లార్చిన నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా తినే సోడా కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు పుక్కిలించమనండి. షాపులో దొరికే ఘాటు మౌత్‌వాష్ చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, మంట పుట్టి నోరు ఎండిపోతుంది. రోజూ పొద్దున కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నాలుక కింద, బుగ్గల లోపల ఫోన్ లైట్ వేసి చూడండి. తెల్లని పొర, ఎర్రని పుండు కనిపిస్తే హాస్పిటల్‌కు చెప్పండి.

తర్వాత ఒళ్లు. రోజూ స్నానం, మెత్తని టవల్‌తో అద్దుకోవడం. చంకలు, రొమ్ము కింద మడత, తొడల మధ్య, వేళ్ల సందులు పొడిగా ఉండాలి. మలబద్ధకం రానివ్వకండి. ముక్కితే చిన్న చీలిక వస్తుంది, అక్కడి నుంచి క్రిములు లోపలికి పోవడానికి అదే చాలు. ఎనిమా, వెనక నుంచి పెట్టే మందులు, వెనక నుంచి జ్వరం చూడటం అస్సలు చేయకూడదు. మీ అత్తమ్మ ఏమీ చెప్పుకోరు, సిగ్గుపడతారు. మెల్లగా మీరే అడగండి: మూత్రంలో మంటగా ఉందా, దొడ్డికి వెళ్లేటప్పుడు నొప్పిగా ఉందా అని.

ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యి ఇంకో జాగ్రత్త. చంకలో లింఫు గ్రంథులు తీసి ఉంటే ఆ చేతికి బీపీ చూడటం, సూది వేయడం వీలైనంత వరకు వద్దనండి. ఆ చేత్తో పత్తి ఏరడం, కంప కొట్టడం ఇప్పుడు వద్దు. చిన్న ముల్లు గుచ్చుకున్నా ఆ చెయ్యి మొత్తం ఎర్రబడి వాచే ప్రమాదముంది.

జ్వరం గురించి విడిగా రాస్తాను. అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

బీఎస్సీ నర్సింగ్, పాలమూరు · ఆదివారం పొద్దున

సిస్టర్, మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నేను మహబూబ్‌నగర్‌లో థర్డ్ ఇయర్ చదువుతున్నాను. పుస్తకంలో ప్రొటెక్టివ్ ఐసోలేషన్ (పేషెంట్‌కు ఇన్ఫెక్షన్ అంటకుండా విడిగా ఉంచడం) అని ఉంది. గాలి బయటికి నెట్టే గది, హెపా ఫిల్టర్ (గాలిలోని సన్నటి దుమ్ము, క్రిములను ఆపే జల్లెడ), గంటకు 12 సార్లు గాలి మారాలి అని రాసుంది. మేం ప్రాక్టికల్స్‌కు వెళ్లే వార్డులో ఒక్కో హాలులో ముప్పై మంచాలు ఉన్నాయి. మరి అక్కడ ఈ పేషెంట్‌ను ఎలా కాపాడాలి?

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఆ గది ముఖ్యంగా వేరేవాళ్ల మూలకణాలు ఎక్కించుకున్న పేషెంట్ల కోసం, వాళ్లకు ఫంగస్ గింజల భయం చాలా ఎక్కువ. టీబీ గదిలో దీనికి ఉల్టా, గాలి లోపలికే లాగాలి, వార్డులోకి రాకూడదు. పరీక్షలో ఈ రెండూ కలిపేసి రాస్తారు, నువ్వు కలపకు.

మామూలు కీమోతో కౌంట్ పడిన పేషెంట్‌కు ఆ గది లేకపోయినా నర్సు చేయగలిగింది చాలా ఉంది. హాలులో ఒక చివర, గోడ పక్క మంచం ఇవ్వు. దగ్గే పేషెంట్, విరేచనాల పేషెంట్, చీము కారే గాయం ఉన్న పేషెంట్ పక్కన వేయకు. డ్యూటీ మొదలుకాగానే ముందు ఈ పేషెంట్ పని చూసుకుని, ఆ తర్వాతే ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లు. వీలుంటే రెండు రకాల పేషెంట్లను ఒకే సిస్టర్‌కు ఇవ్వొద్దని ఇన్‌ఛార్జిని అడుగు. బీపీ కఫ్, థర్మామీటర్ ఈ మంచానికే విడిగా ఉంచు. స్టెతస్కోప్‌ను స్పిరిట్‌తో తుడవకుండా ఆమె ఛాతీ మీద పెట్టకు.

సెలైన్ లైను ముట్టుకునే ముందు హబ్‌ను (మందు ఎక్కించే మూతిని) స్పిరిట్ స్వాబ్‌తో కనీసం 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. ఆరకముందే సూది గుచ్చితే రుద్దిన ఫలితం దక్కదు. పోర్ట్ కానీ పిక్ లైన్ కానీ (కీమో ఎక్కించడానికి పెద్ద నరంలో ఉంచే గొట్టాలు) ఉంటే, మందు ఎక్కించిన కాసేపటికే చలి, వణుకు వస్తే లైనులోనే క్రిమి ఉందేమో అని అనుమానించు, డాక్టర్‌కు చెప్పు. లైన్ మీద పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ అయితే వారానికోసారి, గాజ్ (పలుచని నూలు) గుడ్డ అయితే రెండు రోజులకోసారి మార్చాలి. తడిసినా, ఊడినా వెంటనే మార్చాలి.

ఇంకొకటి గుర్తుపెట్టుకో. చీము అంటేనే న్యూట్రోఫిల్స్ కుప్ప. అవే లేనప్పుడు చీము రాదు, ఎరుపు, వాపు కూడా సరిగా రావు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా మొదట్లో ఎక్స్‌రే శుభ్రంగా కనిపించొచ్చు. కాన్యులా (నరంలో పెట్టిన సూది గొట్టం) దగ్గర కొంచెం నొప్పి అంటే చాలు, "ఏమీ లేదమ్మా, ఎర్రగా లేదు కదా" అని వదిలేయకూడదు. నొప్పి మాటను నమ్మాలి.

పల్లె ఏఎన్‌ఎం · ఆదివారం మధ్యాహ్నం

నేను మర్రిగూడ వైపు సబ్‌సెంటర్‌లో పనిచేస్తాను. చండూరు చెల్లీ, చుట్టాల సంగతి నేను చెప్తాను. ఊళ్లలో ఇది రోజూ చూసేదే.

మీరు వద్దంటే మాట పడతారు. అందుకని చెప్పాల్సింది మీరు కాదు, మీ మామయ్య. లేదా నాలాంటి ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త. మీ ఊరి ఆశమ్మను పిలిచి వాకిట్లోనే కూర్చోబెట్టండి. "హాస్పిటల్ వాళ్ల ఆర్డర్" అంటే ఊరు వింటుంది. అరుగు మీద కుర్చీలు వేయండి, అత్తమ్మ లోపలి గుమ్మం దగ్గర మంచం మీద కూర్చుంటారు, మధ్యలో నాలుగడుగుల ఎడం. మాట్లాడొచ్చు, నవ్వొచ్చు, చేతులు పట్టుకోవడం మాత్రం లేదు. గుమ్మం దగ్గరే బకెట్ నీళ్లు, చెంబు, సబ్బు పెట్టండి. ఊళ్లో ఇంటికొస్తే కాళ్లు కడుక్కుని లోపలికి రావడం పాత పద్ధతే కదా, దాంతో పాటు చేతులు కడగమంటే ఎవరూ తప్పు పట్టరు.

జలుబు, దగ్గు, విరేచనాలు, కళ్లకలక, ఒంటిమీద పొక్కులు ఉన్నవాళ్లు మాత్రం గుమ్మం దాకా కూడా రాకూడదు. మీ చిన్న ఆడబిడ్డకు ఇప్పుడే ఫోన్ చేయండి, బాబుకు దగ్గు తగ్గాకే రమ్మనండి. కన్నతల్లి విషయం, ఆమె కాదనదు.

చండూరు కోడలు · ఆదివారం సాయంత్రం

అక్కా, మామయ్యతో ఆడబిడ్డకు ఫోన్ చేయించాను. కొంచెం బాధపడ్డది కానీ ఒప్పుకుంది, సద్దులనాడు వస్తానంది. అత్తమ్మ మాత్రం బతుకమ్మ పేరుస్తానని పట్టుబడుతోంది. ఏటా మా వాడలో ఆమె బతుకమ్మే పెద్దది. తంగేడు, గునుగు తేవడానికి గుట్టకు పోతానంటోంది. ఇంట్లో కూర్చుని పేరిస్తే పర్వాలేదా?

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి

గుట్టకు వద్దు. తాజా పూలు, మట్టి, నిల్వ ఉన్న నీళ్లు, ఎండుగడ్డి, ఈ నాలుగూ కౌంట్ తక్కువున్న వాళ్లకు మంచివి కావు. మట్టిలో, కుళ్లే ఆకుల్లో, గడ్డివాములో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ గింజలు ఉంటాయి, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పూలు నానబెట్టిన నీళ్లలో సూడోమోనాస్ లాంటి క్రిములు పెరుగుతాయి. మా వార్డులో పూలగుత్తులు గుమ్మం బయటే ఆపేస్తాం. ఇప్పుడు వరి కోతలు, పత్తి ఏరుడు మొదలయ్యే రోజులు కూడా. హార్వెస్టర్ దుమ్ము వచ్చే వైపు, రోడ్డు మీద వడ్లు ఆరబోసే చోట ఆమెను ఉండనివ్వకండి. కోళ్ల గూడు, గొడ్ల కొట్టం శుభ్రం చేసే పని ఇంకెవరికైనా అప్పజెప్పండి.

కానీ ఆమెను పండుగ నుంచి పూర్తిగా దూరం చేయకండి. ఐసోలేషన్‌లో ఉన్న పేషెంట్లు "నేను అంటరానిదాన్నా సిస్టర్" అని ఏడవడం చూశాను. ఆ మాట అనిపించుకోవడానికి మనం ఇదంతా చేయడం లేదు. ఆమె అరుగు మీద దూరంగా కూర్చుని ఏ వరుసలో ఏ పువ్వు పెట్టాలో చెప్తుంటే మీరు పేర్చండి. పాట ఆమే ఎత్తుకోవాలి. ఆట ఇంటి ముందరే గాలి ఆడేచోట పెట్టుకోండి, చెరువు గట్టు మీది గుంపులోకి వద్దు.

వనపర్తి అమ్మ · ఆదివారం రాత్రి

నేనూ ఒక విషయం చెప్పాలి. మా బాబుకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ వాడుతున్నాడు. అదీ రోగనిరోధక శక్తిని తగ్గించే మందే. మా పక్కింట్లో పిల్లకు అమ్మవారు పోసింది. వాళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇంటికి వేపమండలు కట్టి, అది జబ్బు కాదు, తల్లి వచ్చింది అంటారు. నమ్మకాన్ని నేను తప్పు పట్టను. కానీ మా వాడు ఆ పిల్లతో రెండు రోజులు ఆడాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ రోజే చూసి మందు మొదలుపెట్టారు. దేవుడి దయవల్ల తేలికగా పోయింది.

చికెన్‌పాక్స్ పొక్కులు కనిపించకముందు ఒకట్రెండు రోజుల నుంచే అంటుతుందని అప్పుడే తెలిసింది. పొక్కులన్నీ చెక్కు కట్టి ఎండేదాకా అంటుతూనే ఉంటుంది.

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి

వనపర్తి అక్కా, మీరు ఆ రోజే ఫోన్ చేయడం వల్లే తేలికగా పోయింది. ఇలాంటి పేషెంట్లు చికెన్‌పాక్స్ ఉన్నవాళ్లతో కలిశారని తెలిస్తే పొక్కులు వచ్చేదాకా ఆగకూడదు. ముందే ఇచ్చే రక్షణ ఇంజెక్షన్ ఒకటుంది, కలిసిన 4 రోజుల్లోపు అయితే మంచిది, 10 రోజులు దాటితే ఇవ్వడం దండగ. లేదంటే డాక్టర్లు యాంటీవైరల్ మాత్రలతో చూస్తారు.

పల్లె ఏఎన్‌ఎం

టీకాల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. బతికున్న క్రిమితో చేసే టీకాలు (తట్టు, రూబెల్లాకు వేసే ఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటివి) కీమోలో ఉన్నవాళ్లకు, ఎక్కువ స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఇవ్వకూడదు. ఇంట్లో మిగతా పిల్లలకు ఎంఆర్ ఇవ్వొచ్చు, దాని వల్ల పేషెంట్‌కు ప్రమాదం లేదు. పోలియో చుక్కలు మాత్రం వేరు. చుక్కలు వేసుకున్న పిల్లల దొడ్డిలో ఆ వైరస్ కొన్ని వారాలు వస్తుంది. ఇంట్లో ఇలాంటి పేషెంట్ ఉంటే పోలియో టీకా మానేయకండి, సూదిమందు రూపంలో ఉండే ఐపీవీ గురించి డాక్టర్‌ని అడగండి. చుక్కలు అప్పటికే వేసుంటే బిడ్డ దొడ్డి కడిగిన చేతులు సబ్బుతో బాగా కడగాలి, పేషెంట్ ఆ పని చేయకూడదు. ఇంట్లో అందరూ ఫ్లూ టీకా వేయించుకుంటే పేషెంట్ చుట్టూ కంచె వేసినట్టే.

అచ్చంపేట నుంచి · ఆదివారం రాత్రి

ఇంత భయపెట్టడం ఎందుకండీ. మా నల్లమల వైపు తిప్పతీగ కషాయం తాగితే ఇమ్యూనిటీ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గితే బొప్పాయి ఆకు రసం. కరోనాలో అందరూ తాగారు కదా.

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి

అన్నా, మీరు మంచి మనసుతో చెప్తున్నారు, కానీ ఈ పేషెంట్ విషయంలో ఒప్పుకోలేను. ఇక్కడ కౌంట్ తగ్గింది మజ్జ దెబ్బతిన్నందుకు. దాన్ని లేపడానికి డాక్టర్లు అవసరమైతే ఫిల్‌గ్రాస్టిమ్ లాంటి ఇంజెక్షన్ ఇస్తారు, అది మజ్జ మీదే పనిచేస్తుంది. తిప్పతీగ ఎక్కువగా వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, అదీ నిజమే. కానీ కీమో మందులు చాలావరకు లివర్‌లోనే అరగాలి. ఆ లివర్ మీద ఇంకో బరువు ఎందుకు పెట్టాలి? ఇక పచ్చి ఆకు దంచి తీసిన రసం కాచినది కాదు, ఆకు మీది మట్టి, క్రిములు అన్నీ అందులోనే. ఏ పసరు తాగినా డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, ఈ రోజుల్లో మాత్రం ఆపండి.

సూర్యాపేట మాస్టారు · సోమవారం ఉదయం

నేను కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాణ్ణి. జీవితాంతం రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు వేసుకోవాలి. నాదొక మాట. ఏం తినాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. ఒకరు పెరుగు వద్దంటారు, ఒకరు పండ్లే వద్దంటారు, చివరికి మా ఇంట్లో నాకు అన్నం, చారు తప్ప ఏమీ పెట్టేవారు కాదు. బాగా నీరసపడ్డాను. సిస్టర్ గారు దీని మీద స్పష్టంగా చెప్తే బాగుంటుంది.

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి

మాస్టారూ, మీరన్నది నిజం. పచ్చివన్నీ పూర్తిగా మానిపించే పథ్యాన్ని, శుభ్రంగా వండి, కడిగి పెట్టే మామూలు తిండిని పోల్చి చూసిన పరిశోధనల్లో, ఆ కఠిన పథ్యం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు తేలలేదు. నీరసపడితే మాత్రం కోలుకోవడం కష్టమవుతుంది. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి, పప్పు, బాగా ఉడికిన మాంసం, చేప పెట్టండి. మన నల్లగొండ బత్తాయి ఉంది కదా, తొక్క మందం. పైన నీళ్లతో రుద్ది కడిగి, చేతులు కడుక్కుని ఒలిచి వెంటనే తినొచ్చు. అరటిపండూ అంతే. బండి మీది జ్యూస్, కోసి పెట్టిన ముక్కలు, చట్నీలు, కల్లు మాత్రం వద్దు. పెరుగు విషయంలో మీ డాక్టర్ చెప్పిందే వినండి. ఇంట్లో కాచిన పాలతో ఏ రోజుకారోజు తోడేసిన పెరుగు చాలామంది పేషెంట్లకు ఒప్పుకుంటారు, మూలకణాల మార్పిడి అయినవాళ్లకు ఒప్పుకోరు.

చండూరు చెల్లీ, సద్దులనాడు జాగ్రత్త. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది పొద్దున కలిపి రాత్రి బతుకమ్మ ఆడి వచ్చాక పంచుకుంటారు. వండిన అన్నం బయట గంటలకొద్దీ ఉంటే అందులో పెరిగే క్రిమి విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఆమెకు కలిపిన వెంటనే వేడివేడిగా పెట్టేయండి. ఊళ్లో పంచే మలీద ఆమె కళ్లకద్దుకుని మీకిస్తే చాలు.

పల్లె ఏఎన్‌ఎం

నీళ్ల గురించి ఎవరూ అనలేదు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, అందరికీ తెలిసిందే. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీళ్లు కాచి ఇవ్వకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి, తెర్లు వచ్చాక ఒక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చండి. ప్లాంటు డబ్బా నీళ్లు కూడా కాచే ఇవ్వండి, ఆ డబ్బా లోపల ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదు. బిందెలో చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటె వాడండి.

చండూరు కోడలు · సోమవారం మధ్యాహ్నం

సిస్టర్, జ్వరం గురించి రాస్తానన్నారు. పోయిన కీమోకు కొంచెం ఒళ్లు వేడిగా ఉంటే మా ఊరి ఆర్‌ఎంపీ పిరుదుకు ఇంజెక్షన్ వేసి, మాత్రలిచ్చాడు. తగ్గింది. ఈసారి కూడా ముందు ఆయననే పిలుద్దామని మామయ్య అంటున్నాడు.

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి · సోమవారం మధ్యాహ్నం

చెల్లీ, ఇది మీ మామయ్యకు చదివి వినిపించండి.

కౌంట్ తక్కువున్న మనిషికి జ్వరం రావడం ఎమర్జెన్సీ. గుండెపోటుకు ఎలా పరుగెత్తుతామో అలాగే పరుగెత్తాలి. ఒకసారి 101 చూపించినా, 100.4 వచ్చి గంటసేపు అలాగే ఉన్నా, బయల్దేరడమే. రాత్రి రెండైనా సరే, తెల్లారనిద్దాం అనుకోకండి. హాస్పిటల్‌లో అడుగుపెట్టిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ ఎక్కాలి, దానికి ముందు బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకు) రక్తం తీయాలి. ఆలస్యమైతే కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయే దాకా పోతుంది.

ఆర్‌ఎంపీ వేసే ఇంజెక్షన్‌లో చాలాసార్లు జ్వరం మందు, స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. జ్వరం దిగుతుంది, లోపల క్రిమి పెరుగుతూనే ఉంటుంది. మనకు దొరికే ఒకే ఒక్క ఆనవాలు జ్వరం, దాన్నే చెరిపేసినట్టు అవుతుంది. పైగా ప్లేట్‌లెట్లు తక్కువుంటే కండకు వేసిన సూది దగ్గర రక్తం గడ్డకట్టి, అక్కడే ఇన్ఫెక్షన్ పట్టొచ్చు. డాక్టర్ చెప్పకుండా పారాసిటమాల్ కూడా వేయకండి. ముందు థర్మామీటర్ పెట్టి, అంకె రాసుకుని, ఫోన్ చేయండి.

డిజిటల్ థర్మామీటర్ కొనండి. రోజుకు రెండుసార్లు, చలి అన్నప్పుడల్లా చూడండి. నోట్లో పుండ్లుంటే చంకలో చూడండి, కానీ చంకలో నోటికంటే సుమారు ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి. వేడి టీ తాగిన వెంటనే నోట్లో పెట్టకండి.

పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరమే రాదు. మనిషి మబ్బుగా ఉంటారు, మాట తడబడుతుంది, ఊపిరి వేగంగా తీస్తారు, మూత్రం తగ్గిపోతుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి. నిన్న నవ్విన మనిషి ఇవాళ పలకడం లేదంటే థర్మామీటర్ 98 చూపించినా ఆగకండి.

బీఎస్సీ నర్సింగ్, పాలమూరు

సిస్టర్, చండూరు నుంచి హైదరాబాద్ చాలా దూరం కదా. గంటలోపు ఎలా కుదురుతుంది?

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి

కుదరదు. అందుకే జ్వరమొచ్చాక కాదు, ఈ రోజే తేల్చుకోవాలి. ఆంకాలజీ డాక్టర్‌కు ఫోన్ చేసి "రాత్రి జ్వరమొస్తే దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలి" అని అడగండి. నల్లగొండలో రాత్రి డాక్టర్ ఉండి, కల్చర్ తీసి, ఐవీ యాంటీబయాటిక్ మొదలుపెట్టగల చోటు చూసుకోండి. మొదటి డోసు అక్కడ పడ్డాక, ఆ డాక్టర్ చెప్తే హైదరాబాద్ వెళ్లొచ్చు. 108కి ఫోన్ చేసేటప్పుడు "కీమో పేషెంట్‌కు జ్వరం" అని మొదటి మాటగా చెప్పండి. బస్సులో తీసుకెళ్లకండి.

క్యాజువాలిటీలో "జ్వరం" అని మాత్రమే అంటే వరుసలో కూర్చోమంటారు. వాళ్ల తప్పు కూడా కాదు, ఆ వరుసలో అందరికీ జ్వరమే. అందుకని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి ఫైల్ పైన అంటించండి:

"కీమోథెరపీ పేషెంట్. చివరి కీమో తేదీ: ____. చివరి ఏఎన్‌సీ: 570, తేదీ: ____. జ్వరం: ____, టైం: ____. న్యూట్రోపెనిక్ ఫీవర్ (న్యూట్రోఫిల్స్ తక్కువున్నప్పటి జ్వరం) అనుమానం. కల్చర్ తీసి వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వగలరు. ఆంకాలజీ డాక్టర్ ఫోన్: ____."

చండూరు కోడలు · సోమవారం రాత్రి

రాసి అంటించాను సిస్టర్. మామయ్యకు మీ పోస్టు రెండుసార్లు చదివి వినిపించాను. ఆర్‌ఎంపీని పిలవనన్నాడు. మా తమ్ముడి దగ్గర కారుంది, రాత్రిళ్లు ఫోన్ ఆఫ్ చేయొద్దని చెప్పాను. డాక్టర్‌ను అడిగితే గురువారం మళ్లీ సీబీపీ చేయించమన్నారు. అత్తమ్మకు పొద్దున జ్వరం 98.2, సాయంత్రం 98.6.

ఇంకో చిన్న డౌటు. అత్తమ్మకు పని చేసేటప్పుడు నేను గ్లౌజులు వేసుకోవాలా?

ఆంకాలజీ సిస్టర్, కల్వకుర్తి

అన్నం పెట్టడానికి, తల దువ్వడానికి గ్లౌజులు అక్కర్లేదు, కడిగిన చేతులు చాలు. గ్లౌజులు వేసుకుంటే చేతులు శుభ్రంగా ఉన్నాయన్న ధీమా వచ్చేస్తుంది, అవే గ్లౌజులతో తలుపు గడియ, ఫోన్ అన్నీ ముట్టుకుంటారు. ఉంగరాలు తీసి, గాజులు పైకి లాక్కుని, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కింద రుద్దండి. శానిటైజర్ అయితే చెయ్యి ఆరేదాకా 20 నుంచి 30 సెకన్లు. మట్టి, జిడ్డు ఉన్నప్పుడు, విరేచనాలు కడిగాక శానిటైజర్ పనిచేయదు, సబ్బే వాడాలి. కీమో అయిన మొదటి రెండు మూడు రోజులు మాత్రం ఆమె వాంతి, మూత్రం, దొడ్డి ఎత్తేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, అది మీ రక్షణకు, అందులో మందు ఉంటుంది.

మిర్యాలగూడ ల్యాబ్

గురువారం పరగడుపున అవసరం లేదు, తిని రావచ్చు. ల్యాబ్‌లో గుంపు లేని టైం అడిగి రండి, లేదంటే ఇంటికొచ్చి తీసుకునేవాళ్లను పిలిపించండి. సూది వేసే చెయ్యి ఆపరేషన్ కాని వైపుదని ముందే చెప్పండి.

పల్లె ఏఎన్‌ఎం

ఆ కాగితంలో ఇంకో లైన్ రాయమ్మా: ఏ మందు పడదో, షుగర్, బీపీకి ఏం వాడుతున్నారో. కంగారులో అడిగితే ఎవరికీ గుర్తుండదు.